ఇంటివాళ్ళ ట్రస్టు, ఊరి సొమ్ము

పోయిన సంచికలో మొక్కలు నాటే సంస్థలకు విరాళాలిచ్చే విషయం కొంచెం రాశాను. దానికి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందరి ప్రశ్నా దాదాపు ఒకటే: ఒకే కుటుంబం నడిపే చిన్న పర్యావరణ ట్రస్టులో డబ్బు ఎలా ఖర్చవుతోందో ఎవరిని అడగాలి, ఎలా అడగాలి అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను. ఇక్కడ చెప్పే పన్ను నియమాలు 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఉన్నవి. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 2025 చట్టం అమలు కాబట్టి అప్పటి నుంచి సెక్షన్ల నంబర్లు, ఫారాల నంబర్లు వేరు, మీ ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ప్రశ్న: మా ఆయన పోయాక ఆయన పేరు మీద మొక్కలు పెట్టించమని, బంధువుల ద్వారా తెలిసిన ఒక ట్రస్టుకు 40 వేలు ఇచ్చాను. తండ్రి, ఇద్దరు కొడుకులు కలిసి నడుపుతారు. నాటిన రోజు ఫోటోలు వాట్సాప్‌లో పంపారు. ఆ తర్వాత ఏ సంగతీ లేదు. ఫోన్ చేస్తే "మేడమ్, మా మీద నమ్మకం లేదా" అంటున్నారు. తెలిసినవాళ్ళు కదా, మొహమాటంగా ఉంది. నేను అడగడం తప్పా?
– ఒక రిటైర్డ్ టీచర్, ప్రొద్దుటూరు

జవాబు: తప్పు కాదమ్మా, మీరు తప్పకుండా అడగాలి. మన వైపు "నమ్మకం లేదా" అనే ఒక్క మాటతో ఎన్నో మంచి ప్రశ్నలు ఆగిపోతున్నాయి. మీరు అడిగేది వాళ్ళ గుణం గురించి కాదు, మీ ఆయన పేరు మీద పెట్టిన మొక్కల గురించి. నిజానికి మీరు అడగకముందే వాళ్ళు చెప్పి ఉండాల్సింది.

అయితే ఏం అడగాలో తెలిసి అడిగితే జవాబు తప్పించుకోవడం కష్టమవుతుంది. మన సీమలో మొక్క ఖరీదు చిన్నది, దాన్ని బతికించే ఖర్చు పెద్దది. అనంతపురంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, మీ కడప జిల్లాలో కూడా ఎండలు తెలిసినవే. జులైలోనో ఆగస్టులోనో నాటిన కానుగ, వేప, చింత మొక్క మొదటి రెండు మూడు ఎండాకాలాలు దాటాలంటే ట్యాంకర్‌తో నీళ్ళు పోయించాలి, మేకలు కొరక్కుండా కంప కొట్టాలి లేదా ట్రీగార్డు పెట్టాలి, చూసుకునే మనిషికి కూలి ఇవ్వాలి. కాబట్టి సరిగా నడిచే ట్రస్టు లెక్కలో మొక్కల బిల్లు కంటే నీళ్ళ బిల్లు, కూలి ఖర్చు ఎక్కువ కనిపించాలి. వచ్చిన డబ్బంతా నాటిన నెలలోనే ఖర్చయిపోయి, మార్చి నుంచి మే దాకా ఒక్క ట్యాంకర్ బిల్లు కూడా లేకపోతే, ఎవరో డబ్బు తిన్నారని మనం తీర్మానించక్కర్లేదు గానీ ఆ మొక్కలు ఎండిపోయి ఉంటాయని అనుకోవచ్చు. నేను చూసినంతలో ఎక్కువగా జరిగేది ఇదే. దొంగతనం కంటే, బ్యానర్లకీ టెంట్లకీ ముఖ్య అతిథికీ డబ్బు పోసి, వేసవి వచ్చేసరికి చేతులెత్తేయడం.

ఫోన్ వద్దు, ఉత్తరమో మెయిలో రాయండి. మర్యాదగానే రాయండి: "నేను ఫలానా తేదీన ఇచ్చిన 40 వేలతో ఎన్ని మొక్కలు, ఏ ఊళ్ళో, ఎవరి స్థలంలో నాటారు, జూన్ నాటికి ఎన్ని బతికాయి, నీళ్ళకీ కాపలాకీ ఎంత ఖర్చయింది, మిగిలింది ఎంత, దయచేసి తెలపండి." అంతే. నాటిన రోజు ఫోటోకి విలువ తక్కువ, వేసవి దాటాక తీసిన ఫోటోకి విలువ ఎక్కువ, అది కూడా అడగండి. ఎవరి స్థలంలో అన్నది ఊరికే అడగమనడం లేదు. సొంత తోటలో నాటుకున్న మామిడి మొక్కల్ని పర్యావరణ సేవ కింద రాసేవాళ్ళు కూడా ఉన్నారు. ఏ నేలలో అన్నది కూడా ముఖ్యమే. మీ జిల్లా లంకమల అడవిలో 1986లో మళ్ళీ కనిపించిన కలివి కోడి పలచటి ముళ్ళపొదల నేలలో బతికే పక్షి, అలాంటి చోట పొదలు కొట్టేసి గుంటలు తవ్వి చెట్లు నింపితే మేలు కంటే కీడే ఎక్కువ.

"లెక్కలు రాసుకోలేదండీ" అని అనడానికి మాత్రం వాళ్ళకు వీల్లేదు. పన్ను మినహాయింపు తీసుకుంటూ ఆదాయం పరిమితి దాటిన ట్రస్టు క్యాష్ బుక్, లెడ్జర్, బిల్లులు, రసీదుల నకళ్ళు, దాతల వివరాలు అన్నీ పదేళ్ళు భద్రపరచాలని 2022లో వచ్చిన నియమం ఉంది. పుస్తకం ఉన్నప్పుడు మీ 40 వేల పేజీ తీసి చూపడానికి అరగంట చాలు.

ప్రశ్న: మా మామగారు ట్రస్టు పెట్టి చెరువు పూడిక తీయించడం, గట్ల మీద చెట్లు పెంచడం చేస్తున్నారు. ట్రస్టీలు మామగారు, అత్తమ్మ, మా ఆయన, మా మరిది. లెక్కలు నేనే రాస్తాను, మామూలు నోట్‌బుక్‌లో. ట్రస్టు కారులోనే పెళ్ళిళ్ళకు పోతాం. మరిదికి నెలకు 30 వేలు జీతం. ఇంటి కరెంటు బిల్లు కూడా ఒక్కోసారి ట్రస్టు ఖాతా నుంచే కడతారు. నేను ఏమన్నా అంటే మామగారు "మొదట పెట్టిన పది లక్షలు మనవే కదమ్మా, ఎవరికి చెప్పాల" అంటారు. ఆయన మంచి మనిషి, చెరువు పని నిజంగా చేశారు. ఇప్పుడు బయటివాళ్ళు కూడా విరాళాలు ఇస్తున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక కోడలు, అనంతపురం జిల్లా

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇంట్లో కోడలిగా ఉంటూ ఈ మాట పైకి అనడం ఎంత కష్టమో నాకు తెలుసు, అందుకే నీకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మామగారు చెప్పిన పది లక్షల సంగతి ముందు తేల్చుకుందాం. ఆ డబ్బు ఆయన ట్రస్టులో వేసిన రోజునుంచీ అది మీ ఇంటిది కాదు. ఇచ్చింది ఆయనే, సంతకం పెట్టేది ఆయనే, అయినా సొంతదారు ఆయన కాదు. ట్రస్టీ అంటే ఇంకొకరి కోసం సొమ్ము కాపాడేవాడు, ఇక్కడ ఆ ఇంకొకరు ఆ చెరువు కింద ఊరివాళ్ళు. పర్యావరణ పరిరక్షణను, అంటే వాటర్‌షెడ్లు, అడవులు, వన్యప్రాణుల రక్షణతో సహా, 2009లో ఆదాయపు పన్ను చట్టం ధార్మిక ప్రయోజనాల జాబితాలో విడిగా చేర్చింది. ఆ హోదా వల్లే మీ ట్రస్టుకు పన్ను మినహాయింపు వస్తోంది. దానికి బదులుగా చట్టం అడిగేది, ఆ సొమ్ములో ఏ భాగమూ పెట్టినవాళ్ళ ఇంటికి తిరిగి రాకూడదని.

ఇంటివాళ్ళు అంటే ఎవరెవరన్నది సెక్షన్ 13 చాలా వెడల్పుగా చెబుతుంది. భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు మాత్రమే కాదు, అల్లుడు, కోడలు, బావమరిది, వదిన, మేనల్లుడు, ఆఖరికి తోడల్లుడు కూడా అందులోకి వస్తారు. మన చుట్టరికాలు అన్నీ తెలిసినవాళ్ళు రాసినట్టే ఉంటుంది. వీళ్ళ మేలు కోసం ట్రస్టు సొమ్ము వాడితే ఆ మొత్తం మీద 30 శాతం పన్ను, దానికి తోడు అలా వాడిన సొమ్ముకు సమానమైన జరిమానా, తర్వాతి ఏళ్ళలో మళ్ళీ జరిగితే జరిమానా రెట్టింపు. ఇంటి కరెంటు బిల్లు చిన్న మొత్తమే కావచ్చు, కానీ అది నేరుగా ఈ లెక్కలోకి వస్తుంది. ఇది వెంటనే ఆపించు. ఇప్పటిదాకా కట్టిన బిల్లులన్నీ కూడి, ఆ మొత్తం మామగారి సొంత ఖాతా నుంచి ట్రస్టు ఖాతాకు బ్యాంకు ద్వారా వెనక్కి వేయించి, ఎందుకు వేశారో రాసిపెట్టు. పాత తప్పు దీంతో మాసిపోదు, దాన్ని రిటర్నులో ఎలా చూపాలో ఆడిటర్ చెప్పాలి. కారుకు లాగ్‌బుక్ పెట్టు, తేదీ, ఎక్కడికి, ఎందుకు, ఎన్ని కిలోమీటర్లు అని. సొంత పనికి వాడిన రోజున తగిన బాడుగ ఇంటివాళ్ళు కట్టాలి. పెళ్ళికి ఎవరి కారైనా బాడుగకు దొరుకుతుంది, ట్రస్టు కారే ఎందుకు?

మరిది జీతం విషయం వేరు, అది తప్పని నేను అనను. ట్రస్టీ అయినా, కొడుకైనా, నిజంగా పని చేస్తుంటే ఆ పనికి తగిన జీతం తీసుకోవచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. ప్రశ్న ఏంటంటే, ఆ 30 వేల పనికి బయటి మనిషిని పెట్టుకుంటే ఎంత ఇస్తారు? అతను రోజూ చెరువు దగ్గరకు పోతున్నాడా, హాజరు పుస్తకం ఉందా, జీతం ఖరారు చేసిన మీటింగులో అతను పక్కకు తప్పుకున్నాడా? ఈ నాలుగూ కాగితం మీద ఉంటే ఎవరు అడిగినా తలెత్తుకుని చెప్పవచ్చు.

నోట్‌బుక్ మంచిదే, దాన్ని పారేయకు. కానీ ప్రతి ఖర్చుకీ ఓచర్ ఉండాలి. ట్రాక్టరుకీ జేసీబీకీ ఒక మనిషికి ఒకే రోజు పది వేలకు మించి నగదు ఇస్తే ఆ ఖర్చును ట్రస్టు పనికి పెట్టిన ఖర్చుగా ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోదు, కాబట్టి బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో ఇవ్వండి. వచ్చిన ఆదాయంలో 85 శాతం ట్రస్టు పనికే ఖర్చు పెట్టాలి. మనకు ఇక్కడ ఒక చిక్కుంది, విరాళాలు చాలావరకు ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చిలో వస్తాయి, మన మొక్కల పనేమో వానలు పడ్డాకే. అందుకని మార్చి 31 లోపు ఏదో ఒక బిల్లు పెట్టేసి ఖర్చు చూపించే ఆత్రం చాలాచోట్ల చూస్తాం. ఆ అవసరం లేదు. మిగిలింది వచ్చే ఏడాది ఖర్చు పెడతామనో, ఫలానా పనికి ఐదేళ్ళ లోపు వాడతామనో గడువు లోపల ఫారం దాఖలు చేసి చెప్పుకోవడానికి చట్టంలోనే వీలుంది.

ఇక ట్రస్టీలు. నలుగురూ ఒకే ఇంటివాళ్ళు ఉండటం నేరం కాదు, కానీ నలుగురూ రాత్రి ఒకే చోట అన్నం తింటూ తీసుకునే నిర్ణయాన్ని మీటింగ్ అనలేం. ట్రస్టు డీడ్‌లో, అంటే ట్రస్టు పెట్టినప్పుడు రాసుకున్న పత్రంలో, వీలుంటే ఇద్దరు బయటివాళ్ళను తీసుకోండి. చెరువు కింద ఆయకట్టు రైతు ఒకరు, ఊరి స్కూల్లో పనిచేసి రిటైరైన టీచరో బ్యాంకు ఉద్యోగో ఇంకొకరు. చెక్కు మీద రెండు సంతకాల్లో ఒకటి వాళ్ళది ఉండేలా చూడండి. ఈ ఒక్క మార్పుతో ఇంటి ఖర్చు ట్రస్టు ఖాతాలోకి రావడం చాలావరకు ఆగిపోతుంది, ఎందుకంటే బయటి మనిషి చేత కరెంటు బిల్లు మీద సంతకం పెట్టించుకోవడానికి ఎవరికైనా సిగ్గేస్తుంది.

మామగారితో నువ్వు వాదించకు. ఆడిటర్‌ను ఇంటికి పిలిపించి ఆయన చేత చెప్పించు, పెద్దవాళ్ళు కోడలి నోటి నుంచి వినని మాట ఆడిటర్ నోటి నుంచి వింటారు. ఆ తర్వాత ఒక పని చేయమని అడుగు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న దేశంలో మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఎవరికి ఎన్ని రోజుల కూలి, ఎంత డబ్బు అని గ్రామసభలో పైకి చదివే సామాజిక తనిఖీ మన జిల్లా పల్లెల్లో కొత్త కాదు, చదువు రాని ముసలమ్మ కూడా "నా పేరు మీద రాసిన కూలి నాకు రాలేదు" అని లేచి నిలబడి అడిగిన ఊళ్ళు ఇవి. అలాంటి ఊళ్ళో మీ ట్రస్టు లెక్క ఎందుకు చదవకూడదు? ఏటా ఉగాది తర్వాత ఒక సాయంత్రం, చెరువు కట్ట మీదో రచ్చబండ దగ్గరో, ఎంత వచ్చింది, ఎవరెవరు ఇచ్చారు, ఎంత ఖర్చయింది, మరిదికి జీతం ఎంత, బ్యాంకులో ఎంత ఉంది అని చదవండి, అదే కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. దీనికి ఏ చట్టమూ బలవంతం చేయదు, ఖర్చు కూడా ఏమీ లేదు. చెరువు పని నిజంగా చేసిన మనిషి కాబట్టే మీ మామగారు ఇది చేయగలరని నాకు అనిపిస్తోంది.

ప్రశ్న: మా ఊరి వంకలో చెక్‌డ్యాం కట్టామని ఒక కుటుంబ ట్రస్టు బోర్డు పెట్టింది. ఏదో కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక సేవకు కేటాయించే) డబ్బు అంట. జేసీబీ చైర్మన్ అల్లుడిది, సిమెంటు ఆయన బావమరిది షాపు నుంచి. ఎంత ఖర్చయిందో బోర్డు మీద లేదు. అడిగితే "ఇది మీ పంచాయతీ డబ్బు కాదప్పా" అన్నారు. ఆర్‌టీఐ వేయొచ్చా?
– ఒక యువకుడు, ఆదోని దగ్గర

జవాబు: తమ్ముడూ, అల్లుడి జేసీబీ పెట్టుకోవడమే తప్పని చట్టం చెప్పదు. బయట గంటకు నడిచే రేటు కంటే ఎక్కువ ఇచ్చారా అన్నదే లెక్క. మీ ఊళ్ళో జేసీబీ గంట రేటు నీకు తెలుసు, బస్తా సిమెంటు రేటు తెలుసు. వేరేవాళ్ళ దగ్గర కొటేషన్లు తీసుకున్నారా అని అడుగు.

ఆర్‌టీఐ నేరుగా ఆ ట్రస్టుకు వేయలేవు. ప్రభుత్వం నుంచి గణనీయంగా నిధులు తీసుకునే స్వచ్ఛంద సంస్థలకు ఆ చట్టం వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, కంపెనీ డబ్బుతో నడిచేవాటికి ఆ తీర్పు ఆనదు. కానీ వేరే దారి ఉంది. వంక ప్రభుత్వ భూమి. దానికి అడ్డంగా కట్టాలంటే ఎవరో ఒక అధికారి అనుమతి ఇచ్చి ఉండాలి, ఆ అనుమతి, దానితో పెట్టిన ఎస్టిమేటు కాపీ ఆర్‌టీఐ కింద పంచాయతీనీ నీటిపారుదల శాఖనూ అడుగు. ఎస్టిమేటు చేతికి వస్తే టేపు పట్టుకుని పొడవు, ఎత్తు, మందం కొలవడం నీకే చేతనవుతుంది. అనుమతే లేదని జవాబు వస్తే అది ఇంకా పెద్ద ప్రశ్న.

రెండోది, కంపెనీకి రాయి. 2013 కంపెనీల చట్టం కింద నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు పెట్టాలి, ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. డబ్బు చెప్పిన పనికే ఖర్చయిందని కంపెనీ ఆర్థిక అధికారి ధ్రువీకరించాలి కూడా. అంటే ఆదోని పక్క వంకలో నువ్వు కొలిచిన కొలతలు ఎక్కడో హైదరాబాదులో, ముంబైలో కూర్చున్న ఆ అధికారికి చాలా అవసరమైనవి. ఫోటోలు, కొలతలు పంపి, ఈ పనికి ఎంత ఇచ్చారని అడుగు. ఊరివాళ్ళు రాసిన ఉత్తరాన్ని కంపెనీలు తేలిగ్గా తీసుకోవు.

ఇవేవీ పనిచేయకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 ఉంది. ప్రజల కోసం పెట్టిన ధార్మిక ట్రస్టులో నమ్మకద్రోహం జరిగిందని, ఆ ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది కోర్టు అనుమతితో దావా వేసి లెక్కలు చెప్పించమనీ, ట్రస్టీని తొలగించమనీ కోరవచ్చు. ఇది చివరి మెట్టు, వకీలు ఖర్చు, ఏళ్ళ తరబడి తిరుగుడు ఉంటాయి. కాగితాలు చేతికి రాకముందే వాట్సాప్ గ్రూపులో "తినేశారు" అని మాత్రం పెట్టకు. వాళ్ళు సరిగ్గానే చేసి ఉండే అవకాశం కూడా ఉంది, అప్పుడు ఊరికి మంచి పని చేసినవాళ్ళ పరువు నీ వల్ల పోతుంది.

ప్రశ్న: మాది ధర్మవరం దగ్గర పల్లె, అమెరికాలో ఉంటాను, ఇక్కడి పౌరసత్వం వచ్చింది. మా చిన్నాన్న వాళ్ళ ట్రస్టుకు ఏటా కొంత పంపాలని ఉంది. వాళ్ళకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. మా నాన్న ఖాతాకు పంపి అక్కడి నుంచి ఇప్పించవచ్చా?
– ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: వద్దు అన్నా, ఆ పని చేయకండి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. మీరు అమెరికా పౌరులు అయ్యారు కాబట్టి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉన్నా, రూపాయల్లో ఇచ్చినా, మీ విరాళం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా తీసుకుంటే ఇబ్బంది పడేది మీ చిన్నాన్న. నాన్నగారి ఖాతా మీదుగా తిప్పితే ఆయన్ని కూడా అందులోకి లాగినట్టవుతుంది. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకు ఇచ్చి అక్కడి నుంచి చిన్నాన్న ట్రస్టుకు మళ్ళించడం కూడా 2020 సవరణ తర్వాత కుదరదు. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థకే, దాని పనికే ఇవ్వండి. వాళ్ళకు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉండాలి, ఆ ఖాతాకు కాక వేరే ఖాతాకు వేయమంటే వేయకండి.

మీరుండే దేశంలో కుటుంబ ఫౌండేషన్లు ఎంత చిన్నవైనా ఏటా 990-పీఎఫ్ అనే రిటర్ను వేయాలి, దాన్ని ఎవరైనా తెరిచి చూడవచ్చు, ట్రస్టీలు తీసుకున్న జీతాలతో సహా. మన ట్రస్టులు వేసే ఐటీఆర్-7 అలా జనానికి కనపడదు. మహారాష్ట్రలో ఉన్నట్టు లెక్కలు చూసే చారిటీ కమిషనర్ కూడా మనకు లేడు. ఇక్కడ చూసేది ముఖ్యంగా ఆదాయపు పన్ను శాఖ, అది పన్ను చూస్తుంది గానీ చెట్టు బతికిందా అని చూడదు. అందుకే మీలాంటివాళ్ళు చిన్నాన్నను అయినా సరే ఆడిట్ రిపోర్టు పంపమని అడగడం అలవాటు చేసుకోవాలి. అడగడానికి మీరు డబ్బు ఇచ్చి ఉండక్కర్లేదు.

ప్రశ్న: ట్రస్టువాళ్ళు "80జీ ఉంది" అని ముద్రించిన రసీదు ఇచ్చారు. ఐదు వేలు నగదు ఇచ్చాను. పన్ను తగ్గుతుందా?
– ఒక షాపు యజమాని, నంద్యాల

జవాబు: తగ్గదండీ. రెండు వేలు దాటిన నగదు విరాళానికి 80జీ, అంటే దాతకు పన్ను తగ్గించే సెక్షన్, వర్తించదు. బ్యాంకు ద్వారా ఇచ్చి ఉంటే, మీరు పాత పన్ను విధానంలో ఉంటే, సాధారణంగా ఇచ్చినదాంట్లో సగం మీ ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు, అదీ ఒక పరిమితి దాకా. కొత్త విధానంలో ఉంటే అసలు లేదు. మొక్కలో, సిమెంటో, ట్రాక్టరో ఇచ్చినా రాదు.

ముద్రించిన రసీదు ఒక్కటే చాలదు. ట్రస్టు ఆ ఏడాది విరాళాల జాబితా మే 31 లోపు ఆదాయపు పన్ను శాఖకు పంపి, అక్కడి నుంచి వచ్చే 10బీఈ సర్టిఫికెట్ మీకు ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము వాళ్ళకు పడుతుంది. రసీదు మీద ఉన్న 80జీ నంబర్ ట్రస్టు పాన్‌తో మొదలవుతుందో లేదో చూడండి, రిజిస్ట్రేషన్‌కు గడువు కూడా ఉంటుంది, ఎప్పటిదాకా ఉందో ఆ ఉత్తర్వు కాపీ అడగండి. ఈసారికి మీ ఐదు వేలకు రసీదు ఉంది కాబట్టి అది వాళ్ళ పుస్తకంలో జమ అయిందో లేదో మాత్రం కనుక్కోండి, వచ్చే ఏడాది నుంచి ట్రస్టు పేరు మీదున్న బ్యాంకు ఖాతాకే వేయండి, ఎవరి సొంత ఫోన్ నంబరు యూపీఐకీ వేయకండి.